రద్దీని లెక్కలో వేసుకుని బస్సుల ఫ్రీక్వెన్సీ: హైదరాబాద్ సిటీ రూటు ఒకదాని కేస్ స్టడీ

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. రాష్ట్రంలో నివసించే మహిళలకు, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు జిల్లాల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ టికెట్టు సున్నా అయింది. 2025 జులై నాటికి ఇలాంటి ప్రయాణాలు 200 కోట్లకు చేరాయి. ఇళ్లలో పనిచేసే అక్కలు, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, కాలేజీ పిల్లలు, గాంధీకో ఉస్మానియాకో చూపించుకోవడానికి వచ్చే అమ్మలు చేతిలో డబ్బు లెక్క చూసుకోకుండా బస్సెక్కుతున్నారు. ఈ మార్పు విలువైనది. బస్సులు మాత్రం రాత్రికి రాత్రి పెరగవు. కొత్త బస్సు రోడ్డెక్కాలంటే టెండరు, డెలివరీ, డ్రైవరు, డిపోలో జాగా అన్నీ కుదరాలి. ఈలోగా ఉన్న బస్సులను ఏ వేళకు, ఎంత ఎడంతో, ఎక్కడిదాకా నడపాలన్నదే షెడ్యూలు వేసేవాళ్ల చేతిలో ఉన్న పని.

ఆ పనిని ఒక సిటీ రూటు మీద ఎలా చేశామో ఇక్కడ రాస్తున్నాను. శివారు కాలనీల దగ్గర మొదలై, మధ్యలో ఒక పెద్ద కూడలి దాటి, కోఠి వైపు పోయే రూటు అది. నంబరు, డిపో పేరు అవసరం లేదు, ఇలాంటివి నగరంలో చాలానే ఉన్నాయి. లెక్క సులువుగా అర్థం కావాలని అంకెలన్నీ గుండ్రం చేశాను. వాటిని ఏ డిపో రికార్డుగానూ చూడకండి. బస్సులో 40 సీట్లు. టెర్మినల్ నుంచి బయల్దేరి, వెళ్లి, తిరిగొచ్చి, విరామంతో సహా ఒక చుట్టు పూర్తవడానికి 150 నిమిషాలు. ఈ రెండు అంకెలూ గుర్తుంటే మిగతాదంతా కాగితం మీద ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

ఓఆర్ ఏం చెప్పదు

బస్సు సంస్థల్లో ఏ సమీక్షకు వెళ్లినా ముందు వినిపించేది ఆక్యుపెన్సీ రేషియో, అందరం ఓఆర్ అంటాం. ప్రయాణికులు తిరిగిన కిలోమీటర్లను సీట్లు తిరిగిన కిలోమీటర్లతో భాగిస్తే వచ్చే శాతం. ఆదాయం లెక్కకు అది మంచి కొలతే. ఎన్ని బస్సులు కావాలో తేల్చడానికి మాత్రం పనికిరాదు.

ఒక బస్సు రోజుకు 8 ట్రిప్పులు తిరుగుతుందనుకుందాం. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి రద్దీ ట్రిప్పులు, వాటిలో సగటున 60 మంది. మిగతా ఆరింటిలో సగటున 24 మంది. మొత్తం 264 మంది, ట్రిప్పుకు 33. ఓఆర్ 82 చిల్లర. ఆ అంకె చూసిన పై అధికారికి ఇంకా సీట్లు మిగిలే ఉన్నాయనిపిస్తుంది. కానీ ఆ 264 మందిలో 120 మంది, అంటే 45 శాతం, 150 శాతం నిండిన బస్సులోనే ప్రయాణించారు. మనిషి ఎక్కేది ఒక ట్రిప్పు, ఒక దిక్కు, ఒక అరగంట. రోజంతా కలిపి తీసిన సగటు బస్సు ఎవరి ముందూ ఆగదు.

అందుకే మొదట ఓఆర్‌ను పక్కన పెట్టి, దిక్కు వారీగా, అరగంట వారీగా, సెక్షన్ వారీగా లోడు తీయడం మొదలుపెట్టాం. ఏ అరగంటలో, ఏ రెండు స్టాపుల మధ్య బస్సు అన్నిటికన్నా ఎక్కువ నిండుతుందో అదే గరిష్ఠ లోడు సెక్షన్. ఫ్రీక్వెన్సీ నిర్ణయించేది అక్కడి జనమే. మా రూటులో అది ఉదయం కూడలి దాటిన తర్వాత వచ్చే నాలుగైదు స్టాపుల మధ్య ఉంది.

మిషన్‌కు కనిపించని జనం

టికెట్ మిషన్‌లో ఎక్కిన స్టేజి, దిగే స్టేజి రెండూ పడతాయి కాబట్టి లోడు అందులోంచే తీయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. తీశాం కూడా. కానీ దానికి మూడు గుడ్డి మచ్చలున్నాయి.

మొదటిది పాసులు. పాసున్నవాళ్లకు టికెట్టు కొట్టరు. పాసులు ఎక్కువగా ఉండేది విద్యార్థులకు, రోజూ ఆఫీసుకు పోయేవాళ్లకు. సరిగ్గా రద్దీ వేళ ఎక్కేదీ వాళ్లే. కాబట్టి మిషన్ లెక్క ఎప్పుడు తగ్గకూడదో అప్పుడే బాగా తగ్గుతుంది. మహాలక్ష్మి వచ్చాక ఇందులో ఇంకో మెలిక చేరింది. అంతకుముందు పాసు మీద తిరిగిన అమ్మాయి ఇప్పుడు సున్నా టికెట్టు తీసుకుంటోంది. ఆ అమ్మాయి కొత్తగా బస్సెక్కలేదు, లెక్కలోకి కొత్తగా వచ్చింది. పథకం ముందు, తర్వాత మిషన్ అంకెలు పక్కపక్కన పెట్టి పెరిగిందంతా కొత్త జనమే అనుకుంటే బస్సుల అంచనా తప్పుతుంది.

రెండోది దిగే స్టేజి. డబ్బు తీసుకునే టికెట్టులో దిగే స్టేజి తప్పుపడితే ప్రయాణికుడే ఊరుకోడు, చార్జీ మారుతుంది మరి. సున్నా టికెట్టుకు ఆ కాపలా లేదు. రద్దీలో నలుగురికి ఒకేసారి టికెట్టు కొట్టే కండక్టరు చివరి స్టేజి నొక్కేస్తే ఎవరికీ నష్టం లేదు. లోడు మాత్రం చివరిదాకా సాగిపోయినట్టు కనిపిస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎక్కలేకపోయినవాళ్లు ఏ మిషన్‌లోనూ ఉండరు. బస్సులో పట్టేది 90 మందయితే, స్టాపులో 100 మంది ఉన్నా 150 మంది ఉన్నా రికార్డులో పడేది 90 లోపే. బస్సు నిండిన చోట లోడు లెక్క గిరాకీని చెప్పదు, బస్సు కొలతను చెబుతుంది.

అందుకే గరిష్ఠ సెక్షన్ స్టాపులో మనుషులను నిలబెట్టాల్సి వచ్చింది. తలలు లెక్కపెట్టమని వాళ్లకు చెప్పలేదు, కదిలే బస్సులో అది కుదిరే పని కాదు. వచ్చిన ప్రతి బస్సుకూ టైము, దానికెదురుగా ఐదు గుర్తుల్లో ఒకటి రాయమన్నాం: సీట్లు ఖాళీ, సీట్లు నిండాయి, కొందరు నిలబడ్డారు, నడిచే దారి నిండింది, ఫుట్‌బోర్డు మీద ఉన్నారు. పక్కన ఇంకో గడి: బస్సు కదిలాక స్టాపులో ఎంతమంది మిగిలారు. బస్సు ఆగకుండా ముందుకు పోతే అది కూడా రాయాలి.

ఉదయం ఎనిమిదిన్నర దాటాక ఆ స్టాపులో నిలబడితే ఈ గడులన్నీ ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. నిండిన బస్సు స్టాపు దాటి ఓ ముప్పై అడుగులు ముందుకెళ్లి ఆగుతుంది. ఆగిందని అందరూ అటు పరిగెడతారు. ముందు తలుపు దగ్గర ఆడవాళ్ల గుంపు. ఒకామె కమ్మీ పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టి, లోపలివాళ్లను "కొంచెం జరగండమ్మా, కొంచెం" అని బతిమాలుతుంది. లోపల కండక్టరు మధ్యలో ఇరుక్కుని, డబ్బులూ ఆధార్ కార్డులూ తలల మీదుగా చేతులు మారుతుంటే టికెట్లు కొడుతుంటాడు. అదే బస్సులో వెనక తలుపు దగ్గర ఇద్దరు ముగ్గురు పట్టేంత చోటు కనిపిస్తుంది. మన సిటీ బస్సుల్లో ఆడవాళ్లు ముందు ఎక్కడం, ముందు వరుసల్లో కూర్చోవడం ఏళ్ల నాటి అలవాటు. ఎక్కేవాళ్లలో ఆడవాళ్ల వాటా ఒక్కసారిగా పెరిగితే బస్సు ముందు సగం నిండిపోయి, వెనక సగంలో జాగా ఉండగానే తలుపు మూసుకుపోతుంది. బస్సు పట్టే జనం కాగితం మీద ఎంతున్నా ఆ వేళకు నిజంగా పట్టేది అంతకన్నా తక్కువ. నిలబడే జాగా 40 మందికి ఉందని బ్రోచరులో రాసి ఉన్నా మేం లెక్కకు 20 మందినే తీసుకోవడానికి ఇది ఒక కారణం.

ఎంత రద్దీని ఒప్పుకుంటాం

లెక్కకు వద్దాం. గరిష్ఠ సెక్షన్‌లో, రద్దీ గంటలో, రద్దీ దిక్కులో, స్టాపుల్లో మిగిలిపోయినవాళ్లను కూడా కలుపుకుని 720 మంది అనుకుందాం. బస్సుకు 40 మంది కూర్చుని, 20 మంది నిలబడి, మొత్తం 60 మంది అనుకుంటే గంటకు 12 ట్రిప్పులు కావాలి. అంటే 5 నిమిషాలకో బస్సు. చుట్టు 150 నిమిషాలు కాబట్టి 30 బస్సులు.

80 మందిదాకా పర్వాలేదంటే? గంటకు 9 ట్రిప్పులు, 23 బస్సులు సరిపోతాయి. 60కీ 80కీ మధ్య తేడా 7 బస్సులు. డ్రైవర్లు, కండక్టర్లు, డీజిలు, మెయింటెనెన్స్ అన్నీ ఆ 7 బస్సులతోపాటే వస్తాయి. కాబట్టి బస్సుకు ఎంతమందిని ఒప్పుకుంటామన్నది విధాన నిర్ణయం. అది ఎక్కడో షెడ్యూలు సెక్షన్‌లో గుమస్తా ఎక్సెల్ షీటులో గుట్టుగా ఉండకూడదు. పై స్థాయిలో చర్చించి, రాసి, సంతకం పెట్టాల్సిన అంకె అది. మేం దాన్ని పై అధికారులకు పెట్టిన నోటులో మొదటి వాక్యంగా రాశాం.

80 మందిని ఒప్పుకుంటే 7 బస్సులు నిజంగా మిగులుతాయా అంటే, మిగలవు. బస్సు నిండేకొద్దీ ఒక్కొక్కరు ఎక్కడానికి పట్టే సెకన్లు పెరుగుతాయి. దిగేవాళ్లు తోసుకుంటూ రావాలి, టికెట్లు తేలేదాకా బస్సు మెల్లగా సాగుతుంది. స్టాపుకు 20 సెకన్ల చొప్పున పెరిగినా, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి 45 స్టాపులుంటే చుట్టుకు 15 నిమిషాలు పోతాయి. 150 కాస్తా 165 అవుతుంది. అవే 30 బస్సులు ఇప్పుడు గంటకు 12 కాదు, 11 ట్రిప్పులు కూడా పూర్తిగా ఇవ్వలేవు. బస్సుకు 66 మంది. వాళ్ల వల్ల ఆగే సమయం ఇంకొంత పెరుగుతుంది. రద్దీ బస్సులను తినేస్తుంది. షెడ్యూలులో 30 బస్సులు ఉంటాయి, రోడ్డు మీద 27 బస్సుల పని జరుగుతుంది. చుట్టు సమయం పాతదే ఉంచి ట్రిప్పులెందుకు పోతున్నాయని డ్రైవర్లను అడగడం అన్యాయం. రద్దీ వేళ చుట్టు సమయాన్ని విడిగా కొలిచి షెడ్యూలులో పెట్టడం మేం చేసిన మొదటి మార్పు.

అదనపు బస్సు విలువ ఎంత

ఫ్రీక్వెన్సీ గురించి పాఠాల్లో ముందు వచ్చేది నిరీక్షణ. 1972లో హెర్బర్ట్ మోరింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త చూపించాడు: ప్రయాణికులు పెరిగితే బస్సులు పెంచుతాం, దానివల్ల పాతవాళ్లకు కూడా ఎదురుచూపు తగ్గుతుంది. ప్రజా రవాణాకు సబ్సిడీ ఎందుకివ్వాలో చెప్పే బలమైన వాదనల్లో అది ఒకటి. అతని లెక్క ప్రకారం ఫ్రీక్వెన్సీ ప్రయాణికుల సంఖ్య వర్గమూలానికి తగ్గట్టు పెరగాలి, అంటే జనం నాలుగింతలైతే బస్సులు రెండింతలు. కానీ నిరీక్షణ ఒక్కటే చూస్తే అప్పటికే 5 నిమిషాలకో బస్సున్న రూటు మీద ఇంకో బస్సు దండగలా కనిపిస్తుంది. 5 నిమిషాల ఎడం 4 అయితే సగటు నిరీక్షణ 2.5 నుంచి 2 నిమిషాలకు తగ్గుతుంది. అర నిమిషం కోసం 8 బస్సులా అని ఫైలు వెనక్కి వస్తుంది.

ఆ ఫైలులో రద్దీని చేరిస్తే చిత్రం మారుతుంది. నిలబడి, నలిగి గడిపిన నిమిషం కూర్చుని గడిపిన నిమిషం కన్నా బరువైనదని వేరే అధ్యయనం లేకున్నా అందరికీ తెలుసు. ఎంత బరువో అంచనా వేసినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్ రైళ్లలో ఇరవై ఏళ్ల అధ్యయనాలను కలిపి 2011లో వార్డ్‌మన్, వీలన్ చూపించిన దాని ప్రకారం, రద్దీలో నిలబడిన నిమిషాన్ని జనం సగటున రెండు నిమిషాలకు పైగానే లెక్కేస్తారు. మన బస్సులో ఎండాకాలం మధ్యాహ్నం అది ఇంకా ఎక్కువే అని నా నమ్మకం. అయినా రెండే తీసుకుందాం.

ప్రయాణం 30 నిమిషాలు. 60 మంది ఉన్న బస్సులో 20 మంది నిలబడతారు, మూడింట ఒక వంతు. సగటున మనిషికి తోచే సమయం 40 నిమిషాలు. ఎడం 4 నిమిషాలకు దించితే బస్సులో 48 మంది, నిలబడేది 8 మంది, ఆరింట ఒక వంతు. తోచే సమయం 35. తగ్గింది 5 నిమిషాలు. నిరీక్షణలో తగ్గినదానికి రెట్టింపు బరువిచ్చినా అది 1 నిమిషమే. దారి పొడవునా అందరూ నిలబడరు, కొంతదూరం పోయాక సీట్లు దొరుకుతాయి కాబట్టి ఆ 5 కాస్తా 3 అయినా, ఎక్కువ బస్సులు తిరిగే రూటులో అదనపు బస్సు తెచ్చే మేలులో పెద్ద భాగం ఎదురుచూపులోది కాదు, ఊపిరాడటంలోది. బస్సులు తక్కువ తిరిగే శివారు రూటులో దీనికి తలకిందులు. అక్కడ అరగంట ఎడం ఇరవై నిమిషాలైతే ఎదురుచూపే తగ్గుతుంది. రెండింటికీ ఒకే కొలబద్ద పెడితే ఎప్పుడూ కిక్కిరిసిన రూటే నష్టపోతుంది.

జతలుగా వచ్చే బస్సులు

బస్సుల సంఖ్య సరిగ్గా ఉన్నా ఎడం చెదిరితే రద్దీ తగ్గదు. గంటకు 12 బస్సులు 5 నిమిషాలకొకటి కాకుండా 8 నిమిషాలకు ఒకటి, దాని వెనకే 2 నిమిషాలకు ఇంకొకటి వస్తే, జనం నిలకడగా వస్తున్నప్పుడు మొదటి బస్సులో 96 మంది, రెండోదాంట్లో 24 మంది. సగటు ఇప్పటికీ 60. కానీ పది మందిలో ఎనిమిది మంది ఆ 96 మంది ఉన్న బస్సులోనే ఉంటారు. ప్రయాణికులను ఒక్కొక్కరినీ అడిగి సగటు తీస్తే "మా బస్సులో దాదాపు 82 మంది" అని వస్తుంది. నిరీక్షణ కూడా 2.5 నుంచి 3.4 నిమిషాలకు పెరుగుతుంది. ముందు బస్సు నిండి ఇంకా నెమ్మదిస్తుంది, వెనకది ఖాళీగా దాన్ని అందుకుంటుంది.

ఫిర్యాదుల పెట్టెలో "బస్సులన్నీ కిటకిట" అని ఉండటం, తనిఖీ రిపోర్టులో "బస్సులు సగం ఖాళీ" అని ఉండటం, రెండూ నిజమే కావడం ఇందువల్లే. తనిఖీకి వెళ్లినవాళ్లు బస్సుల సగటు తీస్తారు, జనం తమ సగటు చెబుతారు. నేను నోటులో ప్రతిచోటా రెండు అంకెలూ పక్కపక్కన పెడతాను.

దీనికి చేసింది చిన్న పని. రద్దీ వేళ మాత్రం టెర్మినల్‌లోనూ కూడలిలోనూ కంట్రోలర్లు చార్టులో రాసిన టైము కోసం చూడకుండా, ముందు బస్సు పోయి ఎంతసేపయిందో చూసి వెనకదాన్ని వదిలారు. ముందు బస్సు ఆలస్యమైతే వెనకది కూడా కాసేపు ఆగుతుంది. డ్రైవర్లకు ఇది మొదట నచ్చలేదు. ఆలస్యంగా బయల్దేరితే డ్యూటీ దిగడం ఆలస్యమవుతుందని వాళ్ల భయం, అది న్యాయమైనదే. రద్దీ తర్వాతి ట్రిప్పు విరామంలో ఆ నిమిషాలు సర్దాక ఒప్పుకున్నారు.

షార్ట్ ట్రిప్పులు, ముందొచ్చే బస్సు

అసలు లాభం దొరికింది ఇక్కడ. మా రూటులో 720 మంది కనిపించేది కూడలి తర్వాతే. కూడలికి ముందున్న శివారు భాగంలో గరిష్ఠం 330. 12 ట్రిప్పులూ చివరిదాకా తిప్పితే శివారులో బస్సుకు 28 మంది కూడా ఉండరు. సగం బస్సులను కూడలి దగ్గరే వెనక్కి తిప్పవచ్చు. పూర్తి చుట్టు 150 నిమిషాలు, కూడలి నుంచి షార్ట్ చుట్టు 80 నిమిషాలు. గంటకు 6 పూర్తి ట్రిప్పులకు 15 బస్సులు, 6 షార్ట్ ట్రిప్పులకు 8 బస్సులు. మొత్తం 23. అదే 12 ట్రిప్పులకు మునుపు 30 కావాల్సి వచ్చింది.

చాలాచోట్ల ఇక్కడే ఆపేసి, పూర్తి, షార్ట్ ట్రిప్పులను సమాన ఎడంతో 5 నిమిషాలకొకటి వదులుతారు. అప్పుడేమవుతుందో చూడండి. శివారు నుంచి వచ్చే బస్సు కూడలికి చేరేసరికే అందులో 55 మంది ఉంటారు. షార్ట్ బస్సు ఖాళీగా మొదలవుతుంది. కూడలి తర్వాత ఎక్కేవాళ్లు గంటకు 390 మంది. సమాన ఎడమైతే రెండింటికీ సమానంగా పంచుకుంటారు. పూర్తి బస్సు 87 మందితో కిక్కిరుస్తుంది, షార్ట్ బస్సులో 33 మంది. శివారు జనానికి ఒరిగిందేమీ లేదు, పైగా షార్ట్ ట్రిప్పులు ఖాళీగా తిరుగుతున్నాయని రిపోర్టు వచ్చి వాటిని రద్దు చేస్తారు.

మార్గం ఏమిటంటే షార్ట్ బస్సును పూర్తి బస్సుకు 2 నిమిషాలు ముందు నడపడం. ముందటి పూర్తి బస్సు పోయి 8 నిమిషాలయ్యాక షార్ట్ బస్సు వస్తుంది, స్టాపుల్లో చేరిన 52 మందినీ ఎక్కించుకుంటుంది. 2 నిమిషాల తర్వాత 55 మందితో వచ్చే పూర్తి బస్సుకు 13 మందే మిగులుతారు, మొత్తం 68. 52, 68 అంటే రెండూ భరించదగినవే. ఎడం ఇక్కడ కావాలనే అసమానంగా ఉంది. పైన చెప్పిన జత బస్సులకూ దీనికీ తేడా ఏమిటంటే, అక్కడ రెండు బస్సులూ ఒకే చోట ఖాళీగా మొదలయ్యాయి, ఇక్కడ ఒకటి అప్పటికే నిండి వస్తోంది. మనం సమానం చేయాల్సింది నిమిషాలను కాదు, జనాన్ని. సాయంత్రం కోఠి నుంచి బయల్దేరేటప్పుడు కూడా వరస ఇదే, షార్ట్ ముందు, పూర్తి వెనక. కూడలి దాకా పోయేవాళ్లు ముందొచ్చినదాన్ని ఎక్కేస్తారు, శివారు వాళ్లు వెనకదాని కోసం ఆగుతారు.

ఇలా మిగిలిన బస్సులను తిరిగి అదే రూటుకు పెట్టాం. పూర్తి ట్రిప్పు 8 నిమిషాలకొకటి, మధ్యలో షార్ట్ ఒకటి. గంటకు 15 ట్రిప్పులు, 29 బస్సులు. 30లో మిగిలిన ఒక్క బస్సును కూడలి దగ్గర స్పేర్‌గా నిలిపాం, ఏదైనా చెడిపోతే దూరే వీలుండేలా. మునుపు 12 ట్రిప్పులకు సరిపోయిన బస్సులతోనే కిక్కిరిసిన భాగంలో 15 ట్రిప్పులు.

ఇబ్బంది వచ్చింది సాయంత్రం. శివారుకు పోవాల్సినవాళ్లు, ముఖ్యంగా చంకన పిల్లలతో, చేతుల్లో సంచులతో ఉన్నవాళ్లు, ముందొచ్చిన షార్ట్ బస్సెక్కి కూడలిలో దిగిపోవాల్సి వచ్చింది. చీకట్లో ఇంకో బస్సు కోసం నిలబడటం వాళ్లకు మంచిది కాదు. నంబరు చివర అక్షరం చేర్చి షార్ట్ ట్రిప్పును వేరుగా చూపడం హైదరాబాద్‌లో పాత అలవాటే, కానీ పరిగెత్తుకొచ్చేవాళ్లు అక్షరం చదవరు. కండక్టరు తలుపు దగ్గర నిలబడి "కూడలి దాకే, కూడలి దాకే" అని అరవడం, ముందు బోర్డు రంగు మార్చడం ఉపయోగపడ్డాయి. రాత్రి ఏడున్నర తర్వాత షార్ట్ ట్రిప్పులు పూర్తిగా ఆపేశాం.

డ్యూటీలు

రద్దీ వేళకు మాత్రమే బస్సు కావాలంటే మనుషులు కూడా ఆ వేళకే కావాలి. అప్పుడు అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం రోజు పని 8 గంటలు. దాన్ని విడగొడితే రెండు భాగాలకు మించకూడదు, మొదలు నుంచి చివరిదాకా 12 గంటలు దాటకూడదు. ఉదయం ఏడున్నరకు ఎక్కినవారు సాయంత్రం ఏడున్నరకు దిగిపోవాలి. మన నగరంలో సాయంత్రం రద్దీ ఏడున్నరకు ముగియదు. అందుకే విభజిత డ్యూటీలు కొన్నింటిని ఎనిమిదిన్నరకు మొదలయ్యేలా పెట్టి, ఉదయం తొలి గంటను మామూలు మొదటి షిఫ్టుతో నెట్టుకొచ్చాం. మధ్యాహ్నం ఖాళీ గంటల్లో సిబ్బంది ఇంటికి పోయి రాలేరు. కూర్చోడానికి నీడ, నీళ్లు, ఆడ కండక్టర్లకు శుభ్రమైన మరుగుదొడ్డి కూడలి దగ్గర లేకపోతే ఈ షెడ్యూలు అడగడానికి మనకు మొహం ఉండదు. నోటులో ఇది ఖర్చు పద్దుగానే చూపించాం.

చిలీ రాజధాని శాంటియాగో గురించి ఒక మాట. 2007 ఫిబ్రవరి 10న అక్కడ నగరం మొత్తం బస్సు వ్యవస్థను ఒక్క రోజులో మార్చేశారు. బస్సుల సంఖ్య బాగా తగ్గించారు, బస్సు మారి మెట్రో ఎక్కేలా రూట్లు గీశారు. బస్సులు నడపకపోయినా ఆపరేటర్లకు పెద్ద నష్టం లేని ఒప్పందాలు మొదట్లో ఉన్నాయి. జనం మెట్రో మీద పడ్డారు, చదరపు మీటరుకు ఆరుగురు నిలబడే స్థితి వచ్చింది, అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ ప్రజలకు క్షమాపణ చెప్పారు. కంప్యూటర్ నమూనాలో బస్సులు సరిపోయాయి. నలిగే మనిషి కష్టానికి ఆ లెక్కలో తగిన ధర వేయలేదు. నగరం మొత్తాన్ని ఒకేసారి కదపకుండా ఒక్క రూటు, ఒక్క రద్దీ వేళతో మొదలుపెట్టాలని మేం పట్టుబట్టడానికి ఆ అనుభవం కూడా కారణం.

ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. విజయవాడ, విశాఖ సిటీ రూట్లలో పనిచేసే మిత్రులకు నేను చెప్పేది ఒకటే. పాసుల లెక్క, స్టాపులో మిగిలిన జనం లెక్క పథకం కొత్తలోనే తీసి పెట్టుకోండి. ఏడాది గడిచాక ఆ పాత చిత్రం ఏ మిషన్‌లోనూ దొరకదు.

హైదరాబాద్‌కు కేంద్ర ప్రభుత్వ పథకమైన పీఎం ఈ-డ్రైవ్ కింద 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఇలాంటి బస్సులు సాధారణంగా కిలోమీటరుకింత అని అద్దె కట్టే పద్ధతిలో వస్తాయి, రోజుకు ఇన్ని కిలోమీటర్లని హామీ కూడా ఉంటుంది. ఆ కిలోమీటర్లు ఏ వేళ తిరిగినా బిల్లు ఒకటే. మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద కిలోమీటర్లు పూర్తి చేయడం ఆపరేటరుకు సులువు, చార్జింగుకు ఎప్పుడు పోవాలన్నదీ అతని వీలును బట్టే ఉంటుంది. మనకు బస్సు కావాల్సింది ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర. కాబట్టి ఒప్పందంలో రోజు కిలోమీటర్ల పక్కనే ఇంకో వాక్యం ఉండాలని రాశాం: రద్దీ వేళ గరిష్ఠ సెక్షన్ దాటాల్సిన బస్సులు అరగంటకు ఎన్ని, తగ్గితే కోత ఎంత, చార్జింగ్ వేళలు పదకొండు నుంచి నాలుగు మధ్యే. ఆ వాక్యానికి కావాల్సిన అంకెలు ఒక్కో రూటుకూ స్టాపులో నిలబడి తీసినవే కావాలి. మిగతా రూట్లకు ఆ పని ఇప్పుడు జరుగుతోంది.